మద్రాసు హాల్లో మాలర్: సరౌండ్‌లో వినడానికి ఏ రికార్డింగులు కొనాలి, ఏవి వద్దు

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని ముందు, వెనక స్పీకర్లన్నిటి మీదా వినిపించే సరౌండ్ రికార్డింగు మంచిదో కాదో తేల్చడానికి ఒక్క నిమిషం చాలు. సంగీతం నడుస్తుండగా వెనక స్పీకర్లు రెండూ ఆపేయండి. ఆర్కెస్ట్రా ఉన్నచోటే ఉండి, దాని చుట్టూ ఉన్న హాలు మాత్రం మాయమై, వాద్యాలన్నీ టీవీ స్టాండు మీదికొచ్చి పడ్డట్టు అనిపిస్తే ఆ డిస్కు దాచుకోదగ్గది. ఆపినా తేడా తెలియకపోతే దానికి సరౌండ్ ధర పెట్టడం దండగ. ఆపకముందే వీపు వెనక ఎవరో వయొలిన్ వాయిస్తున్నట్టు ఉందంటే కారణం మూడింట్లో ఒకటి: స్వరకర్త నిజంగానే అక్కడ మనుషుల్ని నిలబెట్టాడు, రికార్డు చేసినవాళ్లు శ్రోతను వాద్యాల మధ్య కూర్చోబెట్టారు, లేదంటే సినిమాల కోసం మీరు పెంచిన వెనక లెవెల్ అలాగే ఉండిపోయింది. మన ఇళ్లలో ఎక్కువగా కనబడేది మూడోదే.

కింద చెప్పే డిస్కులన్నిటినీ చెన్నైలో మామూలుగా కనిపించే హాలును దృష్టిలో పెట్టుకునే తూచాం. 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, కింద టైల్స్, పైన ఫ్యాను, ఒక పక్క బాల్కనీ గాజు తలుపు, సినిమాల కోసం అమర్చుకున్న 5.1 సెట్టు (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్). ఆమ్‌స్టర్‌డామ్‌లోనో బుడాపెస్ట్‌లోనో ఉన్న హాలును ఇందులోకి తేవాలి.

గది సరిగ్గా లేకపోతే ఏ డిస్కూ పలకదు

మన హాళ్లలో సోఫా గోడకి ఆనించి ఉంటుంది. సరౌండ్‌కి అదే మొదటి శత్రువు. తల వెనక అంగుళాల్లో గోడ ఉంటే వెనక నుంచి రావాల్సిన ప్రతిధ్వని గోడ దెబ్బలో కలిసిపోతుంది, బేస్ ఉబ్బిపోతుంది. సోఫాను మూడడుగులు ముందుకి జరపండి. ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే వినేటప్పుడు ఒక్క కుర్చీ ముందుకి లాక్కున్నా చాలు.

సంగీతానికి అంతర్జాతీయంగా వాడే కొలత ఇది: ముందు స్పీకర్లు మధ్య గీతకి చెరో పక్క 30 డిగ్రీలు, వెనకవి 110 డిగ్రీల దగ్గర, అన్నీ చెవి ఎత్తులోనే. మన కొలతల్లో చెప్పాలంటే ముందు రెండు స్పీకర్ల మధ్య 8 అడుగులు, మీ నుంచి ఒక్కోదానికీ 8 అడుగులు. వెనకవి పక్క గోడలకి, మీ చెవులకంటే రెండడుగులు వెనగ్గా, నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తులో. సినిమా సెట్టు బిగించేవాళ్లు వీటిని ఇంకా పైన, దాదాపు సీలింగు కింద బిగించేసి పోతారు. ఆ ఎత్తు నుంచి వచ్చే ప్రతిధ్వని హాల్లోదిలా ఉండదు, మేడ మీద ఎవరో రేడియో పెట్టినట్టు ఉంటుంది.

ఆ తర్వాత చప్పట కొట్టి చూడండి. టప్ మని ఆగకుండా టర్ర్ మని సాగితే టైల్స్‌కీ సీలింగుకీ మధ్య శబ్దం బంతాట ఆడుతోందన్నమాట. ముందు స్పీకర్లకీ మీకూ మధ్య మందపాటి జంపఖానా, గాజు తలుపుకి బరువైన పరదా వెయ్యండి. స్పీకరు తీగల మీద పెట్టే డబ్బు మొదట వీటి మీద పెడితే ఫలితం ఎక్కువ.

స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్‌తో పాటు, వాటి దూరాలూ లెవెళ్లూ కొలవడానికి వచ్చే మైకును సోఫా వీపు మీద పెట్టి కొలవకండి. చెవి ఎత్తులో స్టాండు మీద నిలబెట్టి, ఫ్యానూ ఏసీ రెండూ ఆపి కొలవాలి. స్పీకర్ల దూరాల్లో తప్పు రాకూడదు. శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్ల దాకా పోతుంది. ఏ స్పీకర్ శబ్దం ముందు చేరితే చెవి అటు తిరుగుతుంది. వెనక స్పీకర్ మీకు నాలుగడుగుల్లో ఉండగా రిసీవర్‌లో ఎనిమిది అని పడితే అది త్వరగా పలికేసి మొత్తం ఆర్కెస్ట్రాను మీ వెనక్కి లాగేస్తుంది. సబ్‌వూఫర్ దూరం మాత్రం అసలుకంటే ఎక్కువ చూపిస్తే కంగారుపడొద్దు. దాని లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని కూడా రిసీవర్ లెక్కలో వేసుకుంటుంది.

ఆడిసీ అనే గది సవరణ సాఫ్ట్‌వేర్ ఉన్న రిసీవర్లలో డైనమిక్ ఈక్యూ అనే అమరిక ఒకటి ఉంటుంది. వాల్యూమ్ తగ్గించిన కొద్దీ అది వెనక స్పీకర్లను పెంచుకుంటూ పోతుంది. అపార్ట్‌మెంటులో రాత్రి పది తర్వాత మనం వినేది ఎలాగూ తక్కువ వాల్యూమ్‌లోనే. అందుకే "ఈ డిస్కులో వెనక మోత ఎక్కువ" అని చాలామంది రికార్డింగును తిడతారు. సంగీతానికి దాన్ని ఆపేయండి. ప్యూర్ డైరెక్ట్ బటన్ జోలికి కూడా పోవద్దు. పేరు చూస్తే శుద్ధంగా ఉంటుందనిపిస్తుంది గానీ, చాలా రిసీవర్లలో అది నొక్కగానే దూరాల సవరణా, 80 హెర్ట్జ్ దగ్గర బేస్‌ను సబ్‌వూఫర్‌కి మళ్లించే ఏర్పాటూ రెండూ పోతాయి. నాలుగంగుళాల వెనక స్పీకరు డబుల్ బేస్ మోయలేక మూలుగుతుంది.

పెట్టె వెనక ఏం చదవాలి

ఎస్‌ఏసీడీని (సూపర్ ఆడియో సీడీ) సోనీ, ఫిలిప్స్ కలిసి 1999లో తెచ్చాయి. ఒకే డిస్కులో మామూలు సీడీ పొర, దాని పక్కన స్టీరియో, మల్టీచానెల్ ట్రాకులు ఉండొచ్చు. "ఉండొచ్చు" అన్నది గమనించండి. మల్టీచానెల్ గుర్తో, 5.0 లేక 5.1 అన్న అంకెలో కనబడితేనే కొనండి. జపాన్‌లో పాత రికార్డింగులతో వచ్చే ఖరీదైన ఎస్‌ఏసీడీల్లో చాలావాటికి ఉన్నవి రెండు చానెళ్లే. ఎస్‌ఏసీడీకి ప్రాంతీయ తాళం లేదు, కాబట్టి ఏ దేశం నుంచి తెప్పించినా మోగుతుంది. 5.0 అని ఉంటే సబ్‌వూఫర్ చానెల్ లేదని భయపడక్కర్లేదు. బేస్ అంతా ఐదు చానెళ్లలోనే ఉంటుంది, మీ రిసీవర్ దాన్ని మళ్లిస్తుంది.

ఇక బ్లూరే ఆడియో, అంటే సంగీతం కోసమే చేసిన బ్లూరే డిస్కు. దీనికి విడిగా ప్లేయర్ వెతుక్కోనక్కర్లేదు, ఏ బ్లూరే ప్లేయరైనా చాలు. ఎస్‌ఏసీడీ కూడా వెయ్యాలంటే మాత్రం సోనీ యూబీపీ ఎక్స్800ఎమ్2 లాంటిది కావాలి. అది ఎస్‌ఏసీడీ, బ్లూరే, పాత డీవీడీ ఆడియో మూడూ చదువుతుంది. బొమ్మకి పేరున్న పానసోనిక్ యూబీ820 ఎస్‌ఏసీడీని చదవదు. ఇలాంటి ప్లేయర్లకి పేరున్న ఒప్పో 2018లో వాటి తయారీ ఆపేసింది. సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే మామూలు సీడీ పెట్టి చూపిస్తే ఒప్పుకోకండి, ఎస్‌ఏసీడీ ఒకటి చివరి ట్రాకు దాకా వేయించి చూడండి.

ప్లేయర్‌కీ రిసీవర్‌కీ మధ్య హెచ్‌డీఎమ్‌ఐ తీగే వాడండి. ఆప్టికల్ తీగలో ఎస్‌ఏసీడీ మల్టీచానెల్ రాదు. డిస్కు తిరుగుతున్నా శబ్దం రాకపోతే మీ రిసీవర్ డీఎస్‌డీ (ఎస్‌ఏసీడీలో ధ్వని ఉండే డిజిటల్ రూపం) తీసుకోవడం లేదని అర్థం. ప్లేయర్ మెనూలో డీఎస్‌డీ అవుట్‌పుట్ ఆపేస్తే, సీడీల్లో వాడే మామూలు డిజిటల్ రూపమైన పీసీఎమ్‌గా మారి పలుకుతుంది. రిసీవర్ తెర మీద స్టీరియో అనే చూపిస్తుంటే ప్లేయర్ మెనూలో ఎస్‌ఏసీడీ చానెళ్లు రెండుకి పెట్టి ఉన్నాయేమో చూడండి.

ఆపిల్ మ్యూజిక్‌లో డాల్బీ అట్మాస్ (తల పైనుంచి కూడా ధ్వని వచ్చే సరౌండ్) రికార్డింగులు కుప్పలు ఉన్నాయి. స్పీకర్ల మీద వినాలంటే ఆపిల్ టీవీ 4కే పెట్టెను రిసీవర్‌కి తగిలించండి. వచ్చేది సెకనుకి 768 కిలోబిట్ల కుదించిన ధ్వని. డిస్కు కొనేముందు రుచి చూడటానికి ఇంతకంటే చవకైన దారి లేదు. అయితే పాత స్టీరియో టేపుల్ని అట్మాస్‌గా సాగదీసినవి కూడా ఆ కుప్పలోనే ఉంటాయి. రికార్డు చేసిన ఏడాది 1960లదైతే అనుమానించండి.

కొనదగ్గవి

మొదటి డిస్కుగా ఇవాన్ ఫిషర్, బుడాపెస్ట్ ఫెస్టివల్ ఆర్కెస్ట్రా వాయించిన, ఆస్ట్రియా స్వరకర్త మాలర్ రెండో సింఫనీని సిఫారసు చేస్తాం. చానెల్ క్లాసిక్స్ సంస్థది, రెండు ఎస్‌ఏసీడీలు. దీనికి సరౌండ్ ఎందుకన్నది రచనలోనే ఉంది. చివరి భాగంలో, కోరస్ లేచే ముందు, హార్నులూ ట్రంపెట్లూ వేదిక బయట నుంచి మోగాలని మాలర్ రాశాడు. వేదిక మీద ఫ్లూటూ పికొలో మాత్రం పక్షిలా పలుకుతుంటాయి. స్టీరియోలో ఆ హార్నులు "చిన్నగా" వినబడతాయి. ఐదు స్పీకర్ల మీద "దూరంగా" వినబడతాయి. ఆ రెంటికీ తేడా చెవికి అందిన రోజు సరౌండ్ మీద పెట్టిన డబ్బు గిట్టినట్టే. హార్నులు దూరం నుంచి కాక వెనక స్పీకర్ పెట్టెలో నుంచే వస్తున్నట్టు ఉంటే ఆ స్పీకర్‌ను ఒక డెసిబెల్ తగ్గించండి. ఒక్క డెసిబెలే, మూడు కాదు. తర్వాత కోరస్ చాలా మెల్లగా లేస్తుంది. ఫ్యాను నాలుగులో ఉంటే వాళ్లు లేచిన సంగతే తెలియదు.

నార్వేకి చెందిన టూఎల్ సంస్థ దారి వేరు. వాద్యకారుల్నీ గాయకుల్నీ మైకుల చుట్టూ వలయంగా నిలబెట్టి రికార్డు చేస్తారు. శ్రోత ఆ వలయం మధ్యలో కూర్చుంటాడు. 2014లో వచ్చిన మాగ్నిఫికాట్ ట్రాండ్‌హైమ్‌లోని నీడారోస్ కెథడ్రల్‌లో చేసినది. పెట్టెలో ఒక బ్లూరే, ఒక ఎస్‌ఏసీడీ రెండూ ఉంటాయి. బ్లూరేలో 5.1తో పాటు సీలింగు స్పీకర్లున్నవాళ్ల కోసం అట్మాస్, ఆరో 3డీ కూడా. టీవీ వెయ్యకుండానే రిమోట్ మీది రంగు బటన్లతో ఒకదాని నుంచి ఇంకోదానికి మారొచ్చు. ఆడపిల్లల గాయకబృందం గొంతులు రాతి కమానుల కింద ఎగసి కరిగిపోయే తీరు వింటే, ఇంటికొచ్చిన చుట్టాలు కూడా మాట ఆపేస్తారు. కానీ కచేరీలో మూడో వరుసలో కూర్చున్న అనుభవం కావాలనుకునేవారికి ఇది నచ్చకపోవచ్చు. మామూలుగా ఎవరూ ఆర్కెస్ట్రా నడుమ కూర్చుని కచేరీ వినరు కదా.

అదే సంస్థ 2008లో తెచ్చిన డైవర్టిమెంటీ డిస్కుకి ఇంకో ఉపయోగం ఉంది. అందులో బ్రిటన్ రాసిన సింపుల్ సింఫనీలో రెండో భాగమంతా కమాను ముట్టకుండా తీగలు మీటడమే. ట్రాండ్‌హైమ్ సోలిస్టులు అన్ని వైపుల నుంచీ మీటుతుంటే ఐదు స్పీకర్ల గొంతూ ఒకటేనా కాదా అన్నది పది సెకన్లలో బయటపడుతుంది. మధ్య స్పీకరు వేరే కంపెనీదైతే మీటు అక్కడికొచ్చేసరికి గొంతు మారి డబ్బా మోగినట్టు ఉంటుంది. అలాంటప్పుడు రిసీవర్‌లో సెంటర్ లేదు అని పెట్టుకుంటే ఆ ధ్వని ముందు రెంటికీ పంచబడుతుంది. సరిపోని సెంటర్ కంటే లేని సెంటరే నయం.

బిస్ సంస్థ 2004 నుంచి 2008 దాకా తెచ్చిన బెథోవెన్ తొమ్మిది సింఫనీలు, ఓస్మో వాన్స్కా, మిన్నెసోటా ఆర్కెస్ట్రావి, ఇంకో రకం పరీక్ష. వీటిలో వెనక స్పీకర్లకి పని దాదాపు లేనట్టే ఉంటుంది, ఆపితే తప్ప తెలియదు. మెత్తటి చోట్లు మరీ మెత్తగా, గట్టివి మరీ గట్టిగా ఉంటాయి. తొమ్మిదో సింఫనీ మొదలు వినబడలేదని వాల్యూమ్ తిప్పేస్తే అర నిమిషం తర్వాత కింది ఫ్లాటువాళ్లు బెల్లు కొడతారు. ముందు పెద్ద మోత వచ్చే చోటికి వెళ్లి, అక్కడ ఓర్చుకోగలిగినంత పెట్టుకుని, ఆ తర్వాత మొదటికి రండి. చెన్నై వేసవిలో వీటిని పగలు వినకపోవడమే మేలు. ఫ్యాను ఆపి ఏసీని 26లో, గాలి అన్నిటికంటే తక్కువలో పెట్టుకుంటే రాత్రి తొమ్మిది తర్వాత వినొచ్చు.

బెర్లియోజ్ 1837లో రాసిన రిక్వియమ్‌లో నాలుగు ఇత్తడి వాద్యబృందాలు నాలుగు మూలల్లో ఉండాలి, దాంతో పాటు ఎనిమిది జతల టింపనీ డోళ్లు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా సొంత సంస్థ ఎల్‌ఎస్‌ఓ లైవ్ డిస్కులో కోలిన్ డేవిస్ దీన్ని 2012లో లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో నిర్వహించారు. ట్యూబా మీరమ్ అనే చోట ఆ గుమ్మటం కింద మోత లేస్తే ఒళ్లు జలదరిస్తుంది. కానీ గుమ్మటం మోతే ఇందులో చిక్కు కూడా. మాటలు కరిగిపోతాయి, వేగంగా నడిచే చోట స్వరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మీ హాల్లో చప్పట టర్ర్ మంటుంటే ఈ డిస్కు తర్వాత కొనండి. ఒక మోత మీద ఇంకో మోత తోడై బురద అవుతుంది. అదే సంస్థ లండన్ బార్బికన్ హాల్లో చేసినవి దీనికి పూర్తి వ్యతిరేకం. ఆ హాలే పొడిగా పలుకుతుంది, కాబట్టి వెనక స్పీకర్లకి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. వాయిద్యం బాగుంటే స్టీరియోగా కొనుక్కోండి.

జాన్ విల్సన్, సింఫోనియా ఆఫ్ లండన్ చేసిన రెస్పీగీ రోమ్ రచనల డిస్కు, చాందోస్‌ది, 2020లో వచ్చింది. వాద్యాల రంగులు చూపించడానికి దీన్ని మించింది తక్కువ. రోమ్ పైన్ చెట్ల మీద రాసిన దాంట్లో ఒక ట్రంపెట్ వేదిక వెనక నుంచి పాడుతుంది, ఒకచోట నిజమైన నైటింగేల్ పిట్ట కూత రికార్డు వెయ్యమని 1924లోనే రాసి ఉంది. చివర రోమన్ సైన్యం నడుచుకుంటూ వచ్చే చోట ఆర్గన్ అడుగు స్వరాలకి బాల్కనీ తలుపు అద్దాలు కదిలితే తప్పు డిస్కుది కాదు, అద్దం అంచుకి రబ్బరు పట్టీ కొట్టించండి.

టెలార్క్ వారి చైకోవ్‌స్కీ 1812లో నిజమైన ఫిరంగులు పేలతాయి. మొదటిసారి సగం వాల్యూమ్‌లోనే. చిన్న స్పీకర్లను రిసీవర్‌లో లార్జ్ (బేస్ అంతా వాటికే పంపే అమరిక) అని పెట్టి ఉంచితే స్పీకరు కోన్ చిరగొచ్చు.

వెనక స్పీకర్లు మూగగా ఉంటే

ఆర్‌సీఏ లివింగ్ స్టీరియో ఎస్‌ఏసీడీలు కొని ప్లేయర్ పాడైందనుకునేవాళ్లు ఉంటారు. ఫ్రిట్జ్ రైనర్, చికాగో సింఫనీ 1960లో చేసిన షెహెరజాద్ లాంటివి మూడు ట్రాకుల టేపుల మీద పట్టినవి: ఎడమ, మధ్య, కుడి. ఎస్‌ఏసీడీ వాటిని అలాగే ఇస్తుంది, వెనక ఏమీ పలకదు. లోపం కాదు, అదే నిజాయితీ. మధ్య స్పీకరు ముందు రెంటితో సరిపోలేవాళ్లు ఇవి తప్పక కొనాలి. సెంటర్ లేదు అని పెట్టుకున్నవాళ్లకి ఇది స్టీరియోగానే వినబడుతుంది, మామూలు సీడీ చాలు. పెంటాటోన్ సంస్థ 1970లనాటి ఫిలిప్స్ నాలుగు చానెళ్ల టేపుల్ని ఎస్‌ఏసీడీలుగా తెచ్చింది. వాటిలో ఇదే సంగతి తలకిందులుగా ఉంటుంది: ముందు రెండు, వెనక రెండు, మధ్యది మౌనం.

ఇంకో పొరపాటు: రెండు గాయకబృందాలు ఉన్నాయని సరౌండ్ కొనడం. మసాకి సుజుకి, బాక్ కాలేజియమ్ జపాన్ 2020లో బిస్ ద్వారా తెచ్చిన సెయింట్ మాథ్యూ పాషన్ అద్భుతమైనదే. కానీ ఆ రెండు కోరస్‌లూ ఎడమా కుడీ ప్రశ్న వేసుకుని జవాబు చెప్పుకుంటాయి. ఆ సంవాదం స్టీరియోలోనే పూర్తిగా అందుతుంది. సరౌండ్ అదనంగా ఇచ్చేది హాలు గాలి.

త్యాగరాజ కృతుల మాట

మార్గళి కచేరీలకి అలవాటుపడ్డ మనవాళ్లు తప్పక అడిగే ప్రశ్న ఇది. కర్ణాటక సంగీతానికి ఈ పద్ధతిలో చేసిన రికార్డింగులు అరుదు. సభల్లో గాయకుడి గొంతే మైకూ స్పీకర్ల ద్వారా మనకి చేరుతుంది, కాబట్టి వెనక స్పీకర్ల కోసం పట్టి దాచుకోదగ్గ హాలు ధ్వని అక్కడ తక్కువ. స్టీరియో రికార్డింగును రిసీవర్‌లోని డాల్బీ సరౌండ్‌తో ఐదుకి పరిస్తే తంబూరా శ్రుతి వెనక్కి పాకి, మృదంగం తొప్పి (ఎడమ) వైపు ఒకచోట, వలంతల (కుడి) ఇంకోచోట పలికే ప్రమాదం ఉంది. అలా వినాలనే ఉంటే సెంటర్ స్ప్రెడ్ అనే అమరికను ఆన్ చేసుకోండి. గొంతు మధ్య స్పీకర్లో ఇరుక్కోకుండా ఉంటుంది. మా ఓటు మాత్రం రెండు స్పీకర్లకే.

తీగలు, పార్సెళ్లు

వెనక స్పీకర్లకి తీగ రిచీ స్ట్రీట్‌లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. 12 మీటర్ల లోపు పరుగుకి 14 గేజ్ సరిపోతుంది. రాగి అని చెప్పి రాగి పూత పూసిన అల్యూమినియం అమ్మడం మామూలే. ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే వదిలేయండి. బెసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రం పక్క ఇళ్లలో ఒట్టి రాగి కొసలు పచ్చగా చిలుమెక్కుతాయి. బనానా ప్లగ్గులు వేయించుకుని, ఏడాదికోసారి కొస కత్తిరించి మళ్లీ బిగించండి. ఒక వెనక స్పీకర్‌లో ప్లస్ మైనస్ తారుమారైతే హాలు ధ్వని పలచబడి తల చుట్టూ తిరుగుతున్నట్టు ఉంటుంది. ఏ డిస్కు వేసినా అలాగే ఉంటే ముందు ఆ కొసలే చూడండి.

డిస్కులు ఎక్కువగా బయటి దేశాల నుంచే వస్తాయి. తపాలా ఖర్చు ఒక్కోసారి డిస్కు ధరను తాకుతుంది, పైన కస్టమ్స్ ఉండనే ఉంది. ఒకటొకటిగా కాక మాలర్, మాగ్నిఫికాట్ కలిపి తెప్పించండి. ఫైళ్లుగా కొనేవాళ్లు చోటు లెక్క వేసుకోవాలి: ఐదు చానెళ్ల డీఎస్‌డీ గంటకి ఆరు గిగాబైట్లు దాటుతుంది. వానాకాలంలో డిస్కుల మీద బూజు చుక్కలు పడితే మెత్తటి పొడిబట్టతో మధ్య నుంచి అంచుకి తుడవండి. గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత ట్రాకు వెంటే సాగుతుంది, ప్లేయర్ అక్కడే ఆగిపోతుంది.